లైకు కొట్టినవాళ్లు మళ్లీ వస్తారా?

అమెరికాలోని హ్యూస్టన్‌లో డెజర్ట్ గ్యాలరీ అనే కేకుల దుకాణం ఉంది. ఒకే ఊళ్లో నడిచే చిన్న వ్యాపారం. రైస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉత్పల్ ఢోలకియా, ఎమిలీ డర్హమ్‌తో కలిసి ఈ దుకాణాన్నే ప్రయోగశాలగా చేసుకున్నారు. అప్పటికి దుకాణానికి ఫేస్‌బుక్ పేజీ లేదు. ముందుగా దాని మెయిల్ లిస్టులో ఉన్న 13,270 మందికి ఒక ప్రశ్నావళి వెళ్లింది: నెలకు ఎన్నిసార్లు వస్తారు, ఎంత ఖర్చు పెడతారు, దుకాణం మీద మీ అభిప్రాయమేమిటి? ఆ తర్వాతే పేజీ తెరిచారు. కేకుల ఫొటోలు, పోటీలు, పనిచేసేవాళ్ల పరిచయాలు వారంలో చాలాసార్లు పెడుతూ వచ్చారు. మూడు నెలలయ్యాక మళ్లీ ప్రశ్నలు పంపారు.

2010లో ఫలితాలు వెలువడ్డాయి. పేజీలో చేరినవాళ్లు, చేరనివాళ్ల కంటే 20 శాతం ఎక్కువసార్లు దుకాణానికి వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ పెట్టే ఖర్చు మాత్రం దాదాపు అంతే. చేరినవాళ్లే బయట నలుగురికీ ఎక్కువ మంచిమాట చెబుతున్నారు. ఇంతవరకూ వింటే ఏ దుకాణదారుకైనా ఉషారొస్తుంది. కానీ మూడు నెలల్లో పేజీలో చేరినవాళ్లు మెయిల్ లిస్టులోని కస్టమర్లలో సుమారు 5 శాతమే.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పేజీలో చేరినందువల్ల వాళ్లకు దుకాణం మీద ఇష్టం పెరిగిందా, ముందే ఇష్టం ఉన్నవాళ్లు కాబట్టి పేజీలో చేరారా? కేకుల దుకాణం లెక్కలతో ఇది తేలదు.

తేల్చడానికి లెస్లీ జాన్, డేనియల్ మోకన్ తదితర పరిశోధకులు 23 ప్రయోగాలు చేశారు. 18 వేలమందికి పైగా పాల్గొన్నారు. వాటిలో ఒక ప్రయోగం చాలా సాదాగా ఉంటుంది. కొత్త సౌందర్య సాధనాల బ్రాండు ఒకటి తీసుకుని, కొందరిని దాని పేజీని లైక్ చేయమన్నారు, కొందరిని అడగలేదు. తర్వాత ఉచిత శాంపిల్ కూపన్ అందరికీ ఇచ్చారు. కూపన్ వాడుకోవడంలో రెండు గుంపులకూ తేడా లేదు. 2017లో వెలువడిన ఈ పరిశోధన సారం ఏమిటంటే, లైకు ఇష్టానికి గుర్తే తప్ప ఇష్టాన్ని పుట్టించదు. ఫాలోయర్లను డబ్బిచ్చి కొనుక్కునే దుకాణాలు ఈ ఒక్క వాక్యం చదివితే కొంత డబ్బు మిగులుతుంది.

అయితే సోషల్ మీడియా వల్ల చిన్న వ్యాపారానికి ఒరిగేదేమీ లేదా? ఉంది. అదెక్కడుందో డేవిడ్ ప్రోసర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే పరిశోధకులు హోటళ్లలో వెతికి పట్టుకున్నారు. టెక్సస్ హోటళ్లలో కొన్ని ట్రిప్‌అడ్వైజర్‌లో కస్టమర్ల రివ్యూలకు జవాబులు రాయడం మొదలుపెట్టాయి. అవే హోటళ్లు ఎక్స్‌పీడియా అనే మరో సైటులో అప్పట్లో పెద్దగా జవాబిచ్చేవి కావు. హోటల్ అదే, గదులు అవే, జవాబొక్కటే తేడా. రెండుచోట్లా రేటింగులను పోల్చి చూస్తే, జవాబిచ్చిన చోట రేటింగు సగటున 0.12 స్టార్లు పెరిగింది, రివ్యూల సంఖ్య 12 శాతం పెరిగింది. కారణం ఆసక్తికరమైనది. యజమాని చదువుతాడని తెలిశాక, రెండు ముక్కల్లో తిట్టిపోసే రివ్యూలు తగ్గాయి. తిట్టదలచుకున్నవాళ్లు ఓపిగ్గా, వివరంగా రాయసాగారు.

జవాబు లేని పరిచయం కూడా ఒకటుంది. 1956లోనే డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు టీవీ ప్రేక్షకుల గురించి ఒక సంగతి గమనించారు. రోజూ తెరమీద కనిపించి మాట్లాడే మనిషి తమకు బాగా తెలిసినవాడే అన్నట్టు చూసేవాళ్లకు అనిపిస్తుంది, ఆ మనిషికి వీళ్లెవరో తెలియకపోయినా. సినిమా తారలకూ పెద్ద కంపెనీలకూ ఈ ఒకవైపు పరిచయమే దిక్కు. చిన్న దుకాణానికి ఆ అవసరం లేదు. అక్కడ అడిగితే పలికే మనిషి ఉంటుంది.

ఆవకాయ రోజుల్లో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఏ ఆవిడ ఫోన్ చూసినా ఇది తెలిసిపోతుంది. పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో మామిడికాయ ముక్కలు కొడుతున్న వీడియో. మూడోరోజు జాడీ మూత తీసి తిరగకలుపుతుంటే, పైకి తేలిన నూనె ఫొటో. మధ్యాహ్నానికి డల్లాస్ నుంచి వాయిస్ మెసేజ్: "పిన్నిగారూ, పోయినేడు ఉప్పు కాస్త ఎక్కువైందండీ." సాయంత్రానికి జవాబు: "ఈసారి మీ రెండు కిలోలూ విడిగా, తగ్గించి కలుపుతాలేమ్మా." పార్సిల్ కట్టిన రోజు తూకం రసీదు, ట్రాకింగ్ నంబరు. ఇందులో ప్రచారం అనదగ్గది ఏదీ లేదు. కానీ ఆ డల్లాస్ అమ్మాయి వచ్చే వేసవిలో ఇంకొకరి నంబరు వెతుక్కునే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక అపోహ వదిలించుకోవాలి. పొరపాటు జరిగి, దాన్ని చక్కగా సరిదిద్దితే, అసలు పొరపాటే జరగని కస్టమర్ కంటే ఈ కస్టమర్ ఎక్కువ సంతోషిస్తాడనే వాదన 1990ల నుంచి మార్కెటింగ్ పాఠాల్లో తిరుగుతోంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను 2007లో కలిపి చూస్తే సంతోషం పెరుగుతున్న మాట నిజమేనని తేలింది. మళ్లీ కొనాలన్న ఉద్దేశం మాత్రం ఆ మేరకు పెరగలేదు. పచ్చడి ఎలా ఉన్నా తియ్యటి సారీతో గట్టెక్కవచ్చనుకుంటే కుదరదన్నమాట.

ఇలాంటి చిన్న అమ్మకాల కోసమే వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది. కేటలాగ్ సౌకర్యం మరుసటి ఏడాది. వీటికన్నా గమనించదగ్గది, ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే పాత బ్రాడ్‌కాస్ట్ లిస్టు. అందులో 256 మందికి మించి పట్టరు. పైగా మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అమ్మేవాళ్లు ఈ నిబంధనను విసుక్కుంటారు గానీ, కస్టమర్ల నమ్మకాన్ని కొలవడానికి ఇంతకన్నా నిక్కచ్చి లెక్క దొరకదు. లైకు కొట్టడానికి అరసెకను చాలు. పేరు టైపు చేసి నంబరు దాచుకునేవాళ్లు మళ్లీ అవసరం పడుతుందని అనుకుంటేనే ఆ పని చేస్తారు.

అవసరం అనే మాటకు లాస్ ఏంజెలెస్‌లోని కోగీ మంచి ఉదాహరణ. 2008 నవంబరులో, ఆర్థికమాంద్యం నడుస్తుండగా మొదలైన వ్యాన్ హోటల్ అది. మెక్సికో టాకోలో కొరియా మాంసం కూర్చి అమ్మేవారు. వంట రాయ్ చోయ్‌ది. వ్యాన్ రాత్రికో చోట ఆగేది. ఎక్కడ ఆగుతుందో ట్విటర్‌లో చూస్తేనే తెలిసేది. ఫాలో కావడం అభిమానం కోసం కాదు, భోజనం కోసం. రాయ్ చోయ్ 2010లో ఫుడ్ అండ్ వైన్ పత్రిక ఎంపిక చేసిన ఉత్తమ కొత్త షెఫ్‌లలో ఒకరయ్యారు.

హైదరాబాద్ మాదాపూర్‌లో కథ వేరేలా నడిచింది. 2011 నుంచి రోడ్డు పక్కన భోజనం పెడుతున్న కుమారి ఆంటీ బండిని, 2024 జనవరి నాటికి రీల్స్, యూట్యూబ్ వీడియోలు రాష్ట్రమంతా చూపించేశాయి. జనం ఎగబడ్డారు, రోడ్డు స్తంభించింది, పోలీసులు బండి తీసేయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో బండి అక్కడే నిలిచింది. వీటిలో ఏదీ ఆవిడ వేసుకున్న ప్లాన్ కాదు. ఆ రద్దీలో ఎందరు అన్నం కోసం వచ్చారో, ఎందరు కెమెరా పట్టుకుని వచ్చారో వ్యూల అంకె చెప్పదు. వైరల్ కావాలని కలలుగనే దుకాణదారులు ఆ ట్రాఫిక్ జామ్‌ను కూడా గుర్తుంచుకుంటే మంచిది.

పైగా ఈ వేదికలేవీ దుకాణదారు సొంతం కావు. ఫేస్‌బుక్ 2018 జనవరిలో స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు పెద్దపీట వేస్తామని ప్రకటించింది. వ్యాపార పేజీల పోస్టులు జనానికి కనిపించడం అంతకంతకూ తగ్గింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో టిక్‌టాక్ ఉంది. చీరలు, గాజులు, చిరుతిళ్లు చూపించి అక్కడ ఫాలోయర్లను పోగేసుకున్నవాళ్ల ఖాతాలు దేశంలో పనికిరాకుండా పోయాయి. మర్నాడు కబురు పెట్టడానికి మిగిలింది ఫోన్‌బుక్‌లో ఉన్న కస్టమర్ల నంబర్లే.