జైళ్లను నింపుతున్నది శిక్షలు కావు

న్యాయసేవాధికార సంస్థ తరఫున జైలుకు వెళ్తుంటాను. బ్యారక్ దగ్గర నన్ను ఎక్కువగా అడిగేది, "మేడమ్, నా వాయిదా ఎప్పుడు?" అనే. ఇంకెన్నాళ్ల శిక్ష మిగిలిందని అడిగేవాళ్లు తక్కువ. చాలామందికి అసలు శిక్షే పడలేదు మరి.

డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో ఎంతమంది ఉన్నారో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క కడుతుంది. 2012లో 3,43,169 మందికి చోటుంటే 3,85,135 మంది ఉన్నారు. పదేళ్లలో మరో 93 వేల మందికి చోటు పెంచారు. అయినా 2022లో ఇరుకు ఇంకా పెరిగింది: 4,36,266 మందికి సరిపడే చోట 5,73,220 మంది. నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో పడుకోవడానికి మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలి, అంటే సుమారు 40 చదరపు అడుగులు. వందమంది చోట 131 మందిని కుక్కితే అది 30కి దిగుతుంది.

నేరాలు పెరిగాయి కాబట్టి జైళ్లు నిండాయంటారు చాలామంది. శిక్షపడ్డవాళ్లను విడిగా లెక్కేయండి. 2012లో 1,27,789 మంది, 2022లో 1,33,415 మంది. పదేళ్లలో ఆరు వేలు కూడా పెరగలేదు. విచారణ ఖైదీలు మాత్రం 2,54,857 నుంచి 4,34,302కు చేరారు.

వీళ్లలో బెయిల్ వచ్చి కూడా కదలనివాళ్లున్నారు. ఊరుగాని ఊళ్లో కూలికొచ్చినవాడికి ఆస్తి కాగితాలతో జామీను నిలబడేదెవరు? బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేద విచారణ ఖైదీ బెయిల్‌కు డబ్బు ఇచ్చే కేంద్ర పథకమూ ఉంది. ఇంట్లోవాళ్లు ఈ రెండూ అడగాలి.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ఇంకో దారి. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్లు, తమ మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండ్‌లోనే గడిపేస్తే విడుదలకు అర్హులు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు. నాకు గిట్టనిది ఈ రెండో మినహాయింపే. సెల్‌ఫోన్ దొంగతనంలో పట్టుబడిన కుర్రాడి మీద పాత కేసు ఇంకొకటి చేరిందంటే, మూడోవంతు లెక్క అక్కడితో ఆగిపోతుంది.