కృత్రిమ నారత్రాళ్ళు: శుభ్రత, సంరక్షణ

అన్నవరమున రత్నగిరి పాదమునుండి శంఖవరము వైపునకు సాగినకొలది మైదానము వెనుకబడి మన్యపు కొండలు దగ్గరగును. వానకాలమున ఆ దారులలో ఎర్రమట్టిలో కూరుకొనిపోయిన జీపులను ఈ ప్రాంతపు శ్రోతలు చూచియే యుందురు. ఉప్పాడ తీరపు ఇసుకయు, డెల్టాలోని ఒండ్రుమట్టియు చక్రమును పట్టుకొనుటలో దీనికి తీసిపోవు. అట్టి చోట్లకు తరచు పోవువారు బండి ముందుభాగమున వించ్ అను యంత్రమును బిగించుకొనుచున్నారు. ఒక ఇనుప డ్రమ్మునకు చుట్టిన త్రాటిని బ్యాటరీతో నడచు మోటారు లాగును. త్రాటి కొసను చెట్టునకో, వేరొక బండికో తగిలించినచో, దిగబడిన బండి తన్ను తానే పైకి లాగుకొనును.

ఈ యంత్రమునకు మొదట ఉక్కుత్రాడే ఉండెడిది. అట్టి త్రాటి బలిమి గోదావరి ప్రజలకు తెలియనిది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద మునిగిపోయిన పర్యాటకుల బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము లంగర్లు, ఇనుపత్రాళ్ళు వేసి లాగి, అక్టోబరు 22న వెలికి తీసినది. అంతటి పనికి ఉక్కు తగును. కాని జీపుమీద అది బరువు, తుప్పు పట్టును, తెగిన తీగలు ముండ్లవలె అరచేత గ్రుచ్చుకొనును. అందుచేత పలువురు ఇప్పుడు డైనీమా మొదలగు పేర్లతో అమ్ముడగు నారత్రాటికి మారుచున్నారు. మన యింటి ప్లాస్టిక్ బిందె ఏ పాలిథిలీన్ జాతిదో, ఈ నారయు ఆ జాతిదే. పది మిల్లీమీటర్ల లావు గల మంచి త్రాడు క్రొత్తలో సుమారు 8, 9 టన్నుల లాగుడునకు ఓర్చుకొనును, నీటిపై తేలును, ఒక చేతితో మోయవచ్చును.

దీనికి శత్రువు మట్టి. ఇది మన కొబ్బరిపీచు త్రాడువలె పురిపెట్టినది కాదు. సాధారణముగా పన్నెండు పేటలను జడవలె అల్లుదురు. నడుమ బోలుగా ఉండును. బురదలో ఈడ్చినప్పుడు సన్నని ఇసుకరేణువులు ఆ అల్లికలోనికి దూరును. తరువాత త్రాడు బిగిసినప్పుడెల్ల, పేటల నడుమ చిక్కిన ఆ రేణువులు ఒక్కొక్క పోగునే కోయుచుండును. పైకి చూచిన త్రాడు నిక్షేపముగానే కనబడును. ఉప్పునీట తడిసి ఎండిన త్రాటిలో ఉప్పుపలుకులును ఈ పనియే చేయును. కనుక త్రాటిని కడుగుట చూపులకు సంబంధించిన సంగతి కాదు, బలమునకు సంబంధించినది.

కడుగు పద్ధతి తేలికయే. డ్రమ్మునుండి త్రాటినంతటిని విప్పి, పెద్ద తొట్టిలో చన్నీట కొంతసేపు నాననీయవలెను. పిదప రెండు చేతులతో త్రాటిని పట్టి, చేతులను దగ్గరకు నెట్టినచో అల్లిక విచ్చుకొనును. అట్లు మూర తరువాత మూరగా విప్పుచు, పిసుకుచు, నీరు తేటగా వచ్చువరకు జాడింపవలెను. జిడ్డున్నచో మెత్తని సబ్బు చాలును. చాకలిసోడా, బ్లీచింగు, పెట్రోలు త్రాటి పైపూతను చెరచును. బండ్లు కడుగు పంపుతో గట్టిగా నీరు కొట్టరాదు. ఆ వేగమునకు ఇసుక మరింత లోనికి పోవును. ఎండలో ఆరవేయుట మన అలవాటు గాని, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు ఈ నారను క్రమముగా బలహీనపరచును. నీడపట్టున, గాలి తగులునట్లు వ్రేలాడదీయుట మేలు.

ఉక్కుత్రాటికి గ్రీజు పూసి అలవాటు పడినవారు దీనికిని పూయుదురు. అంతకంటె అపకారము లేదు. జిడ్డు మట్టిని పట్టి ఉంచును.

వేడి రెండవ శత్రువు. ఈ నార సుమారు 145 డిగ్రీల వద్ద కరగును. 70 డిగ్రీలు దాటినప్పటినుండియే బలము తగ్గును. ఉడుకునీరు 100 డిగ్రీలు గదా! పెక్కు వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలనే ఉండును. కొండవాలున బండిని త్రాటితో మెల్లగా దింపినప్పుడు ఆ బ్రేకు కాగి, లోపలి చుట్లను కాల్చును. కడుగునప్పుడు చేతికి గట్టిగా, నిగనిగలాడుచు తగులు చోటు అట్టిదే. పైన నూగువలె లేచిన పోగులకు బెదరనక్కరలేదు. తెగిన పేట, సన్నబడిన చోటు, కరిగి బిగిసిన చోటు కనబడినచో ఆ భాగమును కోసివేసి అతుకవలెను. ముడి వేయరాదు, ఇంత నునుపైన నారలో ముడి జారును, జారకున్నను బలము సగమునకు పడిపోవును. కొసను బోలు నడుములోనికి దూర్చి అతుకు విద్య నేర్చినవారున్నారు. పది మిల్లీమీటర్ల త్రాటికి సుమారు 72 సెంటీమీటర్ల కొస లోపలికి పోవలెను.

త్రాడు బయటికి వచ్చు ద్వారము నునుపుగా ఉన్నదో లేదో గుడ్డతో రుద్ది చూడవచ్చును. గుడ్డ చిక్కుకొన్న చోట త్రాడును చిక్కును. ఉక్కుత్రాటితో వాడిన పాత రోలర్లకు గాట్లు పడియుండును, వానిని మార్చుటయే మంచిది. రాతి అంచులపై సాగు భాగమునకు గట్టి గుడ్డ తొడుగు వేయుదురు. చెట్టునకు త్రాటినే చుట్టక వెడల్పు పట్టీని చుట్టి, దానికి తగిలించినచో త్రాడును, చెట్టు బెరడును రెండును దక్కును.

నారత్రాడు తెగినను ఎవరికిని దెబ్బ తగులదని కొందరనుచుందురు. ఉక్కుకంటె అపాయము తక్కువయనుట నిజమే. కాని కొసనున్న ఇనుపకొక్కెము తేలికది కాదు. మన ఊళ్ళలో బండి దిగబడినచోట పిల్లలు మూగుట వాడుక. లాగుట మొదలిడకముందే వారిని త్రాటి పొడవునకు మించిన దూరమునకు పంపవలెను.

ఆరిన త్రాటిని తిరిగి చుట్టునప్పుడు కొంత బరువు లాగుచుండగా, బిగువుగా, వరుసగా చుట్టవలెను. వదులుగా చుట్టినచో పై చుట్టు లోపలి చుట్లలోనికి దిగి నలుగును. ఎంత త్రాడు విప్పినను డ్రమ్ముపై ఎనిమిది, పది చుట్లు ఎప్పుడును మిగిలియుండవలెను. నునుపైన ఈ నారకు ఆ చుట్ల రాపిడియే పట్టు.