కెమెరా ఎక్కడో... కత్తి అక్కడే!

పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని రాక్షసుల్ని చంపుతుంటే పెద్దవాళ్లకు అన్ని ఆటలూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒక ఆటలో ఆలోచించి చంపాలి. ఇంకో ఆటలో ఆలోచించేలోపే చస్తారు. ఆ తేడా చాలావరకు ఒక్క విషయంలో ఉంది... కెమెరా నిలబడ్డ చోటు!

పద్మవ్యూహాన్ని ఆకాశంలోంచి చూసే దేవతలకు అది విచ్చుకున్న తామరపువ్వు. ఏ రేకు ఎటు తిరుగుతోందో, ఎక్కడ సందుందో చక్కగా తెలుస్తుంది. అదే లోపల చిక్కుకున్న అభిమన్యుడికి... చుట్టూ రథాలు, దుమ్ము, మీదికొచ్చే బాణాలు. యుద్ధం ఒకటే. చూసే చోటే వేరు.

కుర్రకారు ఆర్పీజీలని పిలుచుకునే రోల్ ప్లేయింగ్ గేముల కథంతా ఈ రెండు చూపుల మధ్యే నడుస్తోంది. ఆడేవాళ్లు ఒక వీరుడి పాత్రలోకి దూరి, ఊళ్లు తిరిగి, అనుభవంతోపాటు బలాన్నీ కూడగట్టుకుంటూ పోయే పెద్ద కథలివి. అందులో పోరాటం ఎలా ఉండాలన్నది మొదట్నుంచీ తెగని తగాదా.

పాచికల కాలం

వీటన్నిటికీ మూలం 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆటకు కంప్యూటర్‌తో పనిలేదు. బల్ల, కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. అచ్చం మన వైకుంఠపాళిలా!

1981లో ఆ ఊహను కంప్యూటర్‌లో పెట్టిన రెండు ఆటలు పేరు తెచ్చుకున్నాయి. 'విజార్డ్రీ'లో తెరే ఆటగాడి కళ్లు. గీతలతో గీసిన చీకటి సొరంగంలో నడుస్తుంటే ఎదురుగా రాక్షసులు ప్రత్యక్షమవుతారు. రిచర్డ్ గారియట్ 'అల్టిమా' ప్రపంచాన్ని పైనుంచి పటంలా చూపించింది. ఈ రెండూ ఆడి ముచ్చటపడిన జపాన్ వాసి యూజీ హోరీ, రెంటినీ కలిపేశాడు. 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'లో ఊరూ వాడా తిరిగేటప్పుడు చూపు పైనుంచి. శత్రువు ఎదురయ్యాడా, చటుక్కున ముఖాముఖి! మొత్తం ఆట 64 కిలోబైట్లే. సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో కూడా అంతకు ఎన్నో రెట్లుంటుంది.

అప్పటి యంత్రాల శక్తి తక్కువ కాబట్టి పోరు వంతులవారీగా సాగిందంటారు. కొంత నిజమే. కానీ అందులో ఓ మర్యాద కూడా ఉంది. ఆటగాడు తేల్చుకునేదాకా రాక్షసుడు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఈలోపు కాఫీ తాగిరావచ్చు, తమ్ముడి సలహా అడగొచ్చు.

ఆ మధ్యాహ్నం...

ఆ మర్యాదకు పెద్ద దెబ్బ కొట్టింది 'డయాబ్లో'. చిత్రమేమిటంటే దాన్ని తయారుచేసిన డేవిడ్ బ్రెవిక్ మొదట అనుకున్నది వంతులవారీ ఆటే. కెమెరాను ఏటవాలుగా, మేడ మీంచి వీధిని చూస్తున్నట్టు పెట్టాడు. ఆ కోణాన్ని 'ఎక్స్‌కామ్' అనే మరో వంతులవారీ ఆట నుంచి తీసుకున్నాడు. ఒక్కో అడుగూ ఆచితూచి వేయడంలో ఉన్న ఉత్కంఠ అంటే ఆయనకు ప్రాణం. దక్షిణ కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ వాళ్లు మాత్రం పోరు ఆగకుండా సాగాలని పట్టుబట్టారు. బ్రెవిక్ ససేమిరా అన్నాడు. చివరికి ఆఫీసులో ఓట్లు పెడితే తోటివాళ్లంతా అటువైపే మొగ్గారు.

సరే, ఇది చాలా పెద్ద పని, అదనంగా సొమ్ము కావాలని బ్లిజార్డ్‌కి చెప్పి కూర్చున్నాడాయన. కొన్ని గంటల్లోనే అయిపోయింది! మౌస్‌తో ఓ అస్థిపంజరం మీద నొక్కితే, యోధుడు నడుచుకుంటూ వెళ్లి ఒక్క వేటు వేశాడు. ఎముకలు కుప్పకూలాయి. తాను ఇన్నాళ్లూ వద్దన్నది ఇదా అని ఆయనకు అప్పుడు తెలిసొచ్చిందట. 2016లో ఆట తయారీదారుల సదస్సులో ఆయనే నవ్వుతూ చెప్పిన ముచ్చట ఇది.

1996 చివర్లో ఆట విడుదలైంది. కెమెరా ఎక్కడికీ జరగలేదు. మారింది పోరు ఒక్కటే. అయినా అది కుదిరిందంటే కారణం ఆ ఎత్తే. పైనుంచి చూస్తే పదిమంది చుట్టుముట్టినా ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. పారిపోయే దారీ కనిపిస్తుంది.

తగిలినా తగలని కత్తి

కెమెరాను కిందికి, ఆటగాడి కళ్లలోకి దించినప్పుడే అసలు చిక్కు. 2002లో బెథెస్డా సంస్థ తెచ్చిన 'మారోవిండ్' అందుకు సాక్ష్యం. ఆ ప్రపంచం అద్భుతం. కానీ మొదటిసారి కత్తి పట్టినవాళ్లు బిత్తరపోయేవారు. ఎదురుగా ఓ ఎండ్రకాయ. కత్తి దాని ఒంట్లోంచి దూసుకెళ్లడం కంటికి కనిపిస్తోంది. అయినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు! ఎందుకంటే లోపల ఎక్కడో కనిపించని పాచిక దొర్లి 'తప్పింది' అని తేల్చేసింది. పరుగెత్తి అలిసిపోయి ఉంటే మరీ తప్పుతుంది.

పైనుంచి చూసే ఆటలో ఇదే జరిగితే ఎవరూ పట్టించుకోరు. శత్రువు పక్కకు తప్పుకున్నాడులే అని మనసు సర్దిచెప్పుకుంటుంది. కళ్లెదుట జరిగితే మాత్రం మోసంలా ఉంటుంది. 2006లో వచ్చిన తర్వాతి ఆట 'ఆబ్లివియన్'లో ఆ పద్ధతి తీసేశారు. కత్తి తగిలితే తగిలినట్టే. అదే సంస్థ 2008లో 'ఫాలౌట్' మూడో భాగం చేసినప్పుడు తగాదా తిరగబడింది. 1997 నాటి మొదటి భాగంలో చూపు పైనుంచి, పోరు వంతులవారీ. కొత్తదాంట్లో తుపాకి చేతిలో, లోకం కళ్లెదుట. పాత అభిమానులు గగ్గోలు పెట్టారు. వాళ్లను కొంతైనా చల్లార్చింది ఓ ఏర్పాటు... మీట నొక్కితే కాలం ఆగుతుంది, ఏ అవయవానికి గురిపెడితే తగిలే అవకాశం ఎంతశాతమో తెర మీద కనిపిస్తుంది. పారేశారనుకున్న పాచిక మళ్లీ బయటికొచ్చిందన్నమాట!

సొంత కళ్లతో చూసే ఆటల్లో వీపు వెనక ఏముందో తెలియదు. పైగా కొందరికి కడుపులో తిప్పుతుంది. కదులుతున్నామని కళ్లు, లేదని లోపలి చెవి చెప్పే గొడవ అది.

ఒక్కొక్కరుగా రండి!

మధ్యేమార్గంగా కెమెరాను వీరుడి వీపు వెనక పెట్టారు. కొన్న కవచం కంటికి కనిపిస్తుంది, వెనక నుంచొచ్చే వాడూ కనిపిస్తాడు. అయితే శత్రువు చుట్టూ తిరుగుతుంటే కెమెరా ఎటు చూడాలి? దీనికి దారి చూపింది నింటెండో. అచ్చంగా ఆర్పీజీ కాకపోయినా, 1998 నాటి దాని 'జెల్డా - ఆకరీనా ఆఫ్ టైమ్' ప్రస్తావన లేకుండా ఈ కథ సాగదు.

ఆ ఆట తయారుచేస్తున్న బృందంలో కొందరు క్యోటోలోని తోయె సినిమా స్టూడియో పార్కుకెళ్లారు. ఎండ తట్టుకోలేక ఓ ప్రదర్శనశాలలో దూరితే అక్కడ కత్తియుద్ధం నడుస్తోంది. నింజా ఒకడు గొలుసు కట్టిన కొడవలి విసిరాడు. సమురాయ్ దాన్ని చేత్తో ఒడిసిపట్టాడు. గొలుసు బిగుసుకుంది. నింజా అతని చుట్టూ గుండ్రంగా తిరగసాగాడు. ఆటగాడినీ శత్రువునీ కనిపించని గొలుసుతో ముడేస్తే? అలా పుట్టిందే ఒక్క మీటతో శత్రువు మీద చూపు నిలిపే పద్ధతి. చుట్టుముట్టిన నింజాల్లో ఒకడు తలపడుతుంటే మిగతావాళ్లు ఆగడం కూడా అక్కడే గమనించారు. మన సినిమా ఫైట్లలో రౌడీలు ఒక్కొక్కరుగానే ఎందుకొస్తారని నవ్వుకుంటాం కదా... ఆ కిటుకే!

2011లో వచ్చిన 'డార్క్ సోల్స్'లోనూ చూపు వీపు వెనకే, గురి కుదిర్చే మీటా ఉంది. అయితే అక్కడ శత్రువులు వంతు కోసం ఆగరు. ఆదమరిస్తే చావే.

చేతివేగం లేనివాళ్లు?

ఇక వంతులవారీ ఆటల పని అయిపోయిందని చాలామంది తీర్మానించేశారు. 2023 వాళ్ల నోరు మూయించింది. బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ తెచ్చిన 'బాల్డర్స్ గేట్' మూడో భాగంలో పోరంతా వంతుల మీదే. పాచిక కూడా తెర మీద బాహాటంగా దొర్లుతుంది. 'ది గేమ్ అవార్డ్స్'లో ఆ ఏటి మేటి ఆట అదే.

అదే ఏడాది, ఒకప్పుడు వంతులవారీ పోరుకు మారుపేరైన 'ఫైనల్ ఫ్యాంటసీ' పదహారో భాగం పూర్తిగా ఎదురుదారి పట్టింది. వీపు వెనక కెమెరా, రెప్పపాటులో కత్తివేటు. మరి 1987 నుంచీ ఈ వరుస ఆటలు ఆడుతూ పెద్దవాళ్లయినవాళ్ల సంగతి? వేళ్లు మునుపటంత చురుగ్గా కదలనివాళ్లు, కథ కోసమే ఆడేవాళ్లు ఏమైపోవాలి? వాళ్ల కోసం తయారీదారులు అయిదు ఉంగరాలు పెట్టారు. ఒకటి తొడిగితే వీరుడు తనంతట తానే దెబ్బ తప్పించుకుంటాడు. ఇంకోటి పెట్టుకుంటే దెబ్బ పడబోయే ముందు కాలం నెమ్మదిస్తుంది. అయితే, వీరుడు ఒంటిమీద పెట్టుకోగలిగే నగలు మూడే. కాస్త బలం పెంచే నగ కావాలంటే ఓ ఉంగరం తీసి పక్కన పెట్టాల్సిందే.