“క్యాన్సర్‌” అన్న నోటితోనే “శభాష్‌”!

నందిపేట్‌లో కళ్లం మీద పసుపు ఆరబోసి, నిజామాబాద్‌ మార్కెట్‌లో కాడి రేటెంత, గోళ రేటెంత అని ఫోన్‌లో చూసుకునే రైతన్నా! ఆ ఫోన్‌ ఆండ్రాయిడ్‌దైతే, దాని అడుగున నడిచేది లినక్స్‌ అనే సాఫ్ట్‌వేర్‌ అని మీకు తెలుసా? “కంప్యూటరంటే విండోసే, లినక్స్‌ మనకెక్కడ వస్తది!” అనే అన్నల జేబులోనూ అదే ఉంది మరి!

మీకు తెలుసా? లినక్స్‌ను మొట్టమొదట తక్కువ అంచనా వేసింది దాన్ని పుట్టించినాయనే! ఫిన్లాండ్‌ విద్యార్థి లైనస్‌ టోర్వాల్డ్స్‌కు అప్పుడు 21 ఏళ్లు. ఇది సరదా పనేననీ, పెద్దదేమీ కాదనీ 1991 ఆగస్టు 25న రాసుకొచ్చాడు. 2017 నవంబరులో ప్రపంచంలోని టాప్‌ 500 సూపర్‌ కంప్యూటర్లను లెక్కేస్తే లినక్స్‌ మీద నడిచేవి ఎన్ని తేలాయి? సరిగ్గా 500!

లినక్స్‌ను “క్యాన్సర్‌”తో పోల్చిందెవరో మీకు తెలుసా? విండోస్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కు అప్పటి అధిపతి స్టీవ్‌ బామర్‌, 2001లో! ఇప్పుడు అసలు ట్విస్టు. 2014 ఫిబ్రవరి 4న ఆ కుర్చీలోకి మన హైదరాబాదీ వచ్చాడు. బేగంపేటలోని హైదరాబాద్‌ పబ్లిక్‌ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల! అదే ఏడాది అక్టోబరులో వేదిక మీద, ఆయన వెనకున్న తెర నిండా మూడే ముక్కలు: మైక్రోసాఫ్ట్‌, ఒక గుండె బొమ్మ, లినక్స్‌. పెళ్లి శుభలేఖే అనుకోండి!

పెళ్లి అక్కడితో ఆగలేదు. 2016 నవంబరులో లినక్స్‌ ఫౌండేషన్‌లో ప్లాటినం సభ్యత్వం. 2018 ఏప్రిల్‌లో, కంపెనీ పుట్టిన 43 ఏళ్లకు, మైక్రోసాఫ్ట్‌ తన సొంత లినక్స్‌ కెర్నల్‌నే, అంటే దాని మూల భాగాన్నే, ప్రకటించింది! చిన్న చిన్న పరికరాల్లో ఉండే చిప్‌ల కోసమట.

మరి బామర్‌? మీకు తెలుసా, 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్‌ తన డేటాబేస్‌ ఎస్‌క్యూఎల్‌ సర్వర్‌ను లినక్స్‌కీ ఇస్తామంటే, ఆ బామరే నాదెళ్లను మెచ్చుకుంటూ ఈమెయిల్‌ కొట్టాడు! నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే. పదిహేనేళ్ల పంతం, ఒక్క మెయిల్‌తో మాయం!

నమ్మకం కుదరలేదా? కొత్త విండోస్‌లో పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. డబ్ల్యూ, ఎస్‌, ఎల్‌ అక్షరాలు కొట్టి, ఓ ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, వాటి పక్కనే ‘ఇన్‌స్టాల్‌’ అని టైప్‌ చేసి ఎంటర్‌ నొక్కండి. కాసేపు డౌన్‌లోడ్‌, ఒక రీస్టార్ట్‌. అంతే! విండోస్‌ ఇంట్లో ఉబుంటు అనే లినక్స్‌ కాపురం పెట్టేస్తుంది!

ఇలా మాట మార్చింది మైక్రోసాఫ్ట్‌ ఒక్కటే కాదు. ఆపిల్‌ సంగతి మీకు తెలుసా? 1998లో ఇంటెల్‌ చిప్‌ను నత్త వీపు మీద కూర్చోబెట్టి మరీ ప్రకటన వేసింది. 2005లో స్టీవ్‌ జాబ్స్‌ వేదికెక్కి, ఇకపై మాక్‌లలో ఇంటెల్‌ చిప్పే అన్నాడు! ఇంకా వినండి: అప్పటికే ఐదేళ్లుగా ఆ మాక్‌ సాఫ్ట్‌వేర్‌ను ఇంటెల్‌ మీద గుట్టుగా నడిపి చూస్తున్నారట. పైకి వెక్కిరింపు, లోపల రిహార్సల్‌!

ఆకాశంలోనూ మతమార్పిడి జరిగింది! 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ల్యాప్‌టాప్‌లు కొన్ని విండోస్‌ను వదిలి డెబియన్‌ లినక్స్‌కు మారాయి. పాడైతే బాగుచేయడానికి అక్కడికి మెకానిక్‌ వెళ్లలేడు కదా!

ఇక జర్మనీలోని మ్యూనిక్‌ నగరం. 2003లో లినక్స్‌ వైపు మొగ్గితే, వద్దని చెప్పడానికి బామర్‌ మంచు మీద స్కీయింగ్‌ సెలవు మధ్యలో ఆపేసి మేయర్‌ దగ్గరికి పరుగెత్తాడు. మేయర్‌ వినలేదు. నగరం వేల కంప్యూటర్లు మార్చేసింది. 2017లో మళ్లీ విండోసే అంది. 2020లో కొత్త పాలక కూటమి రాగానే, కాదు కాదు, లినక్స్‌ లాంటి ఓపెన్‌ సోర్సే ముద్దు అంది! మ్యూనిక్‌ మేయర్‌ ఆఫీసులో కంప్యూటర్‌ బాగుచేసే కుర్రాడికి దండం పెట్టాల్సిందే!