ఛాయాచిత్రములలో ప్రక్షిప్తములు

2020 సెప్టెంబరు 9వ తేదీ ఉదయమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరవాసులు నిద్రలేచి చూచునప్పటికి తెల్లవారిన జాడ సరిగా కానరాలేదు. పడమటి అమెరికా అడవులను దహించుచున్న కార్చిచ్చుల పొగ ఆకాశమును కప్పివేసినది. ఆ పొగలో వడగట్టుకొని వచ్చిన వెలుగు పండిన నారింజ రంగులో నుండెను. పగటివేళ కార్లు దీపములు వెలిగించుకొని తిరిగెను. జనులు వెరగుపడి వీధులలోనికి వచ్చి, జేబులలోని ఫోనులు తీసి ఆకాశమును పటము పట్టిరి. తీరా చూచుకొనగా, పెక్కుమంది ఫోనులలోని ఆకాశము మామూలు మబ్బుదినపు బూడిదరంగులో నున్నది!

ఫోనులు చెడిపోలేదు. వానికి నేర్పిన పనిని అవి శ్రద్ధగనే చేసినవి. బల్బు వెలుగులో తెల్లకాగితము నిజమునకు పసుపుచాయగా నుండును. మనిషి మనస్సు ఆ చాయను తానే తీసివేసి కాగితమును తెల్లగా గ్రహించును. కెమెరాకు మనస్సు లేదు గనుక, ఆ సవరణను లెక్కకట్టి చేయునట్లు దానిని అమర్చిరి. దీనికే వైట్ బ్యాలెన్సు అని పేరు. దృశ్యమంతటను ఒకే రంగు పరచుకొని యున్నచో, అది వెలుగు దోషమని తలచి ఫోను దానిని తొలగింప జూచును. ఆనాడు ఊరంతయు నారింజరంగుగనే యున్నదని దానికి చెప్పువారు లేరు. సవరణను చేతితో నిర్ణయించు యాప్‌లు వాడిన కొందరు మాత్రము కన్ను చూచిన రంగును రాబట్టగలిగిరి.

పూర్వము తాటాకులపై కావ్యములకు ప్రతులు వ్రాసిన వ్రాయసకాండ్రు తమకు తోచిన పద్యమును నడుమ చేర్చుటయు, అర్థము కానిదానిని దిద్దివేయుటయు కలదు. పండితులు ఆ చేర్పులను ప్రక్షిప్తములందురు. ఫోను అద్దము వంటిదని తలచువారు కలరు గాని, దానికి ఈ వ్రాయసకానితోనే పోలిక ఎక్కువ.

ఫోనులో వెలుగును పట్టు పలక ఇంచుమించు వ్రేలిగోరంత. దానిమీది బిందువులు వెలుగు మోతాదునే గాని రంగును ఎరుగవు. అందుచేత ఒక్కొక్క బిందువుపై ఎరుపు, ఆకుపచ్చ, నీలములలో ఏదో ఒక వడపోత నుంచుదురు. కొడక్ సంస్థ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ కల్పించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించెను. బిందువులలో సగము ఆకుపచ్చవి. తక్కిన సగమును ఎరుపు, నీలములు సమముగా పంచుకొనును. ప్రతి బిందువునకు లేని రెండు రంగులను ఇరుగుపొరుగు బిందువులనుబట్టి ఫోను గణించును. అనగా రంగుచిత్రములో మూడింట రెండువంతులు అంచనాయే! పైగా అంత చిన్నపలకకు వెలుగు చాలదు. కనుక మీట నొక్కినది ఒక్కసారియే యైనను, నేటి ఫోనులు పెక్కు చిత్రములను వెంటవెంట తీసి, ఒకదానిపై నొకటి పేర్చి ఒక్కటిగా కూర్చును.

కాబట్టి ఫోనుతోనే చిత్రములు తీయదలచిన విద్యార్థి దాని ఊహకు పని తగ్గింపవలెను. మొదట కటకమును మెత్తని గుడ్డతో తుడువవలెను. దీపముల చుట్టు కనబడు మసక వలయములలో చాలభాగము వ్రేలిజిడ్డు ప్రసాదమే. దూరపు వస్తువును తెరపై రెండువ్రేళ్లతో సాగదీయుటకంటె నాలుగడుగులు ముందుకు నడచుట మేలు. ముఖ్యవస్తువును తెరపై తాకి, వెలుగును కొంచెము తగ్గించుకొనవలెను. నీడలోని వివరమును తరువాత కొంత పైకి తేవచ్చును గాని, పూర్తిగా తెల్లబారిన చోట ఎంత దిద్దినను ఏమియు తిరిగి రాదు. బడిలో ఏటేటా తీయు సామూహిక చిత్రములలో తెల్లచొక్కాల పిల్లలు మబ్బుతునకలవలె కనబడుట ఇందువలననే.

తీసినదానిని దిద్దుటయే తప్పని వాదించువారున్నారు. అది నిలువని వాదము. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) జీవించిన కాలముననే గాజుపలకలపై పెన్సిలుతో ‘టచింగు’ చేయుట స్టూడియోలలో వాడుక. నేడు ఆ చీకటిగది యంతయు స్నాప్‌సీడ్ వంటి ఉచిత యాప్‌లో నిమిడినది. ఒరిగిన గోపురమును నిలువు చేయుట, అక్కరలేని అంచును కత్తిరించుట, నీడలో మునిగిన ముఖమును తేటపరచుట పాఠపరిష్కరణము వంటివి. వెనుకనున్న కరెంటుస్తంభమును చెరిపివేయుట, లేని మేఘమును తెచ్చి అతుకుట ప్రక్షిప్తము. శుభలేఖకు అట్టి అలంకారము చెల్లునేమో. శిథిలాలయపు స్థితిని తెలుపుటకు తీసిన చిత్రమునకు చెల్లదు.

మనిషి పూనుకొనకయే ప్రక్షిప్తము చేరుటయు కలదు. 2023 మార్చిలో ఒక ఔత్సాహికుడు చంద్రుని చిత్రమును కావలెనని మసకబార్చి, కంప్యూటరు తెరపై నుంచి, గదిని చీకటిచేసి, శాంసంగ్ ఫోనుతో దూరమునుండి దానిని తీసెను. తెరపై లేని మచ్చలు, గుంటలు ఫోను చిత్రములో తేటగా వచ్చెను. చంద్రుని గుర్తించి వివరములను మెరుగుపరచు కృత్రిమమేధ తమ కెమెరాలో కలదని ఆ సంస్థ వివరించినది. చంద్రుడు ఎల్లప్పుడు ఒకే ముఖమును చూపును గనుక దానిని కంఠస్థము చేయవచ్చును. అవ్వ ముఖమునకు అట్టి పాఠము లేదు. ఆమె ముడతలను దోషములుగా నెంచి నున్నగా చేయు ‘బ్యూటీ’ మీట పెక్కు ఫోనులలో నున్నది. అదే ఆమె కడపటి చిత్రమైనచో, పుట్టబోవు మునిమనుమలు ఎరుగునది ఆ నున్నని ముఖమునే.

పంచుకొనుటలో నష్టము వేరు. వాట్సాప్‌లో సాధారణముగా పంపిన చిత్రము కుదించుకొని పోవును. తీసిన తేదీ, వేళ, అనుమతి యున్నచో తీసినచోటి అక్షాంశ రేఖాంశములు మూలచిత్రపు ఫైలులో నుండును. కుదింపులో అవి రాలిపోవును. డాక్యుమెంటుగా పంపినచో తీసినది తీసినట్లు చేరును. శాసనమునో, కూలబోవు మండపమునో తీసినవారికి ఆ వివరములు అవసరము. పిల్లల చిత్రమును పదిమందికి పంపునప్పుడు ఇంటిజాడ అందులో లేకుండుటయే క్షేమము. రెండు సందర్భములలోను మూలమును చెరుపక, నకలును మాత్రమే దిద్దవలెను. మూలమునకు ఫోనుకు వెలుపల మరియొక ప్రతి యుండవలెను.

ఫోను ఊహను ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. లేతపసుపు కాగితము నొకదానిని బల్లపై పరచి, తెర యంతయు అదే నిండునట్లు ఫోనును దగ్గరగా పట్టినచో, చాల ఫోనులలో పసుపు వెలవెలబోవును. ఆ కాగితముపై ఒక తెల్లని సుద్దముక్క నుంచి మరల చూచినచో, రంగు కొంత తేరుకొనును.