గోడకు తగిలించే పూలపాత్రలు

కరువు నేల మీద ఇంట్లో పూలు పెట్టుకోవడం దుబారా అని కొందరంటారు. ముదిగుబ్బ చుట్టుపక్కల గ్రామాల్లో ఆ మాటకు అర్థముంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. బిందెడు నీళ్ల విలువ మన తల్లులకు బాగా తెలుసు. అయినా వానలు పడితే గట్ల మీద తంగేడు పచ్చగా పూస్తుంది. పెరట్లో నాలుగు బంతి మొక్కలు, చామంతులు ఉంటాయి. ఆ పూలకు పెద్ద కూజా అక్కరలేదు. గోడకు తగిలించే చిన్న పాత్రకు అరగ్లాసు నీళ్లు చాలు. పసిపిల్లలకు, కోళ్లకు అందదు కూడా. అందుకే రెండు సులువైన విధానాలు చెబుతున్నాం.

వెదురు గొట్టం: జానెడు పొడవు ముక్క తీసుకోండి. కింది కణుపు అడుగుగా ఉండాలి, పైభాగం తెరచి ఉండాలి. అంచుకు అంగుళం కిందుగా, వెనుకవైపు మేకు తల పట్టేంత రంధ్రం చేయండి. నీళ్లు ఆ రంధ్రానికి కిందే ఉండాలి. కారకుండా లోపల కరిగించిన కొవ్వొత్తి మైనం పోసి తిప్పండి. ఈ పని పెద్దలే చేయాలి. జపానులో సెన్ నో రిక్యూ అనే టీ గురువు 1590లో ఇలాగే వెదురు కోసి పూలపాత్ర చేశాడు. పగులు ఉన్న ఆ పాత్రను నేటికీ భద్రపరిచారు.

గాజు సీసా: మెడ చుట్టూ కట్టుతీగ రెండు చుట్లు గట్టిగా చుట్టి మెలిపెట్టి, వెనుక ఉంగరంలా వంచండి. వేరుశనగకు కొట్టిన పురుగుమందు సీసాను ఎంత కడిగినా వాడవద్దు.

మట్టిగోడలో మేకు నిలవదు. పాత ఇళ్లలోని చిలకకొయ్యకు గాని, ద్వారబంధానికి గాని తగిలించండి. నీళ్లు పోశాక చేత్తో లాగి చూడండి. ఉయ్యాల పైన, మంచం పైన వద్దు.

పూలను తెల్లవారుజామున ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి. ఆకులు కుళ్లితే పూలు త్వరగా వాడిపోతాయి. గన్నేరు నీరు లేకున్నా పూస్తుంది గాని దాని కొమ్మ, ఆకు, పువ్వు అన్నీ విషమే. పిల్లలున్న ఇంట్లో పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి దోమ. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. ఎండకాలంలో వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి చావవు. కాబట్టి మూడు రోజులకొకసారి నీళ్లు పారబోసి, లోపల పీచుతో రుద్దండి.

ఆదివారం ఆరాధనకు మందిరం గోడకు రెండు, ఇంట్లో గడప పక్కన ఒకటి చాలు. మార్చిన నీళ్లు మునగచెట్టు మొదట్లో పోయండి. చుక్క కూడా వృథా కాదు.