స్నోబోర్డ్ బూట్లు కొంటున్నారా? నంబర్ చెప్పకండి, పాదం కొలవండి



పాతబస్తీలో కూర్చుని స్నోబోర్డ్ బూట్ల మీద వీడియో ఏంది భయ్యా అని నవ్వుతున్నారు కదా? నవ్వండి, పర్లేదు. కానీ జనవరి వస్తే గుల్మార్గ్‌కో, ఔలీకో, మనాలి దగ్గర సోలంగ్‌కో పోదామని ప్లాన్ వేసే బ్యాచ్‌లు మన గల్లీల్లో కూడా ఉన్నాయి. రీల్స్ చూసి "నేను కూడా స్నోబోర్డ్ నేర్చుకుంటా" అనేవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఉన్న అన్నకో, బావకో ఫోన్ చేసి "వచ్చేటప్పుడు ఒక జత బూట్లు పట్టుకురా" అని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఇవాళ్టి ఎపిసోడ్ వాళ్ల కోసమే.

అన్న అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "నీ సైజ్ ఎంతరా?" మనం ఠక్కున "ఎనిమిది" అంటాం. అదిగో, డబ్బులు నీళ్లలో పోయేది అక్కడే.

అసలు బూటుకు ఇంత సీన్ ఎందుకు?

స్నోబోర్డింగ్‌లో మూడు వస్తువులు ఉంటాయి. కింద బోర్డు. దాని మీద బిగించే పట్టీల లాంటి బైండింగ్. అందులో ఇరుక్కునే బూటు. చేతిలో స్టీరింగ్ లేదు, బ్రేక్ లేదు. వేళ్ల వైపు బరువు వేస్తే బోర్డు ఒక అంచు మీద తిరుగుతుంది, మడమ వైపు వేస్తే రెండో అంచు మీద తిరుగుతుంది. ఆగాలన్నా అంతే. అంటే మీరు ఇచ్చే ప్రతి కమాండ్ బూటు లోంచే బోర్డుకు వెళ్లాలి.

ఇప్పుడు బూటు లూజ్ అనుకోండి. మీరు వేళ్ల మీదకు వంగుతారు, లోపల మడమ పైకి లేస్తుంది, కానీ బోర్డు కదలదు. గేమ్‌లో పింగ్ ఎక్కువైతే మీరు ఇప్పుడు నొక్కిన బటన్ కాసేపటికి పని చేస్తుంది కదా, సేమ్ అదే. ఆ ల్యాగ్‌ను కవర్ చేయడానికి మనకు తెలియకుండానే వేళ్లతో బూటు అడుగును గట్టిగా పట్టుకుంటాం. గంటలో పాదం తిమ్మిరెక్కి నొప్పి మొదలవుతుంది. చాలామంది అప్పుడు "బూటు టైట్‌గా ఉంది" అనుకుంటారు. అసలు సమస్య టైట్ కాదు, లూజ్!

మరీ చిన్నదైతే ఇంకో బాధ. వేళ్లు ముడుచుకుంటాయి, రక్తం సరిగ్గా ఆడదు, మంచులో కాళ్లు గడ్డ కడతాయి. గుల్మార్గ్ గొండోలా రెండో స్టేజ్ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది. అంత ఎత్తులో, ఆ చలిలో కాలివేళ్లు మొద్దుబారితే అది జోక్ కాదు.

నంబర్ కథ

మన షాపుల్లో బూట్ల మీద ఉండే నంబర్ ఎక్కువగా యూకే సైజు. అమెరికాలో మగవాళ్ల సైజు దానికంటే సుమారు ఒక నంబర్ ఎక్కువ ఉంటుంది. మన 8 అక్కడ దాదాపు 9 అన్నమాట. ఒక నంబర్ తేడా అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. మీరు 8 అన్నారు, అన్న అక్కడి 8 కొన్నాడు, మీ బొటనవేలికి 8.5 మిల్లీమీటర్ల జాగా పోయింది. ఇద్దరిదీ తప్పు కాదు, నంబర్‌ది తప్పు. ఆడవాళ్ల సైజులకు అమెరికాలో వేరే లెక్క ఉంటుంది, అక్కడ ఇంకా కన్ఫ్యూజన్.

పైగా రోజూ వేసుకునే షూ కాస్త ఫ్రీగా ఉండాలని మనం ఒక సైజు పెద్దదే కొంటాం. ఆ అలవాటుతో చెప్పే నంబర్ స్నోబోర్డ్ బూటుకు అస్సలు పనికిరాదు.

మంచి వార్త ఏంటంటే, ఈ బూట్ల మీద ఇంకో కొలత కూడా రాసి ఉంటుంది. దాన్ని మోండో సైజు అంటారు. అది సింపుల్‌గా మీ పాదం పొడవు, సెంటీమీటర్లలో. 26.5 అని ఉంటే 26.5 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. యూకే, యూఎస్ గొడవ లేదు.

ఇంట్లో రెండు నిమిషాల్లో కొలత

సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, అదే అసలు సైజు. నేల మీద తెల్ల కాగితం వేసి, గోడకు ఆనించండి. మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుని కొలవొద్దు, ఒంటి బరువు పాదం మీద పడాలి. అన్నిటికంటే పొడవైన వేలికి ఒక పుస్తకం అడ్డంగా ఆనించి గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కంటే పక్క వేలు పొడుగ్గా ఉంటుంది, చూసుకోండి. గోడ నుంచి గీత దాకా ఎంతో రాసుకోండి.

రెండు పాదాలూ కొలవాలి. చాలామందికి రెండూ ఒకేలా ఉండవు. పెద్దదాని లెక్క తీసుకోండి. 26.3 వచ్చిందంటే 26.5 తో మొదలుపెట్టి వేసుకుని చూడాలి.

పొడవు ఒక్కటే కాదు

ఇక్కడ మనవాళ్లకు స్పెషల్‌గా ఒక విషయం. చెన్నైలో సీఎల్ఆర్ఐ అని కేంద్ర ప్రభుత్వ తోలు పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా పాదాలు కొలిచారు. మనకంటూ సొంత సైజు పద్ధతి తేవడానికి చేసిన సర్వే అది. దానికి 'భ' అని పేరు ప్రతిపాదించారు, భారత్‌లోని భ. ఆ సర్వేలో తేలింది ఏంటంటే, యూరప్, అమెరికా వాళ్లతో పోలిస్తే మన పాదాలు వెడల్పు ఎక్కువ.

స్నోబోర్డ్ బూట్లు తయారు చేసే పెద్ద కంపెనీలు ఎక్కువగా బయటివే. అందుకే పొడవు కరెక్ట్‌గా ఉన్నా పక్కల నొక్కేస్తే ఒక సైజు పెద్దది తీసుకోకండి. పక్కలు ఫ్రీ అవుతాయి కానీ మడమ లూజ్ అవుతుంది, మళ్లీ పింగ్ ప్రాబ్లం. అదే సైజులో 'వైడ్' మోడల్ ఉందా అని అడగండి. కాగితం మీద పొడవుతో పాటు వెడల్పు కూడా గీసుకోమనేది ఇందుకే. అమ్మాయిలకైతే విడిగా లేడీస్ మోడల్స్ ఉంటాయి, మడమ దగ్గర సన్నగా, పిక్క దగ్గర కాస్త కిందికి ఉంటాయి. అవి ముందు చూడండి.

వేసుకున్నాక చేయాల్సిన టెస్టులు

మొదటిది, నిటారుగా నిలబడండి. బొటనవేలు ముందు భాగానికి లైట్‌గా తగలాలి. "అరే, చిన్నదైంది" అని అప్పుడే విప్పొద్దు. మోకాళ్లు వంచండి, పాదం కొంచెం వెనక్కి జరిగి వేలికి ఊపిరి ఆడుతుంది. బోర్డు మీద మీరు నిలబడేది అలా వంగే. వంగినా వేలు ముడుచుకునే ఉంటే అప్పుడు చిన్నది.

రెండోది, మడమ టెస్ట్. లేసులు బాగా బిగించి మునివేళ్ల మీద లేవండి. లోపల మడమ బూటుకు అతుక్కునే ఉండాలి. పైకి జారుతుంటే ఆ బూటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. ఒక్క టెస్టుకే టైమ్ ఉందంటే ఇదే చేయండి.

మూడోది, ఓపిక టెస్ట్. రెండూ వేసుకుని 20 నిమిషాలు అలాగే ఉండండి. చుట్టూ ఒకేలా బిగుతుగా ఉంటే మంచిదే, గట్టిగా షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు. ఒకే పాయింట్ దగ్గర పొడుస్తున్నా, తిమ్మిరెక్కుతున్నా వద్దు.

ఎందుకు బిగుతుగా ఉండాలి అంటే, లోపల లైనర్ అని మెత్తటి ఫోమ్ బూటు ఇంకోటి ఉంటుంది. వాడిన కొద్దీ అది అణుగుతుంది. షాపులో చెప్పుల్లా హాయిగా ఉన్న బూటు కొన్ని రోజులకు బకెట్ అయిపోతుంది. చాలా లైనర్లను షాపువాళ్లు వేడి చేసి మీ పాదం షేప్‌కు తెచ్చి ఇస్తారు. అది వాళ్లనే చేయనివ్వండి. ఇంట్లో హెయిర్ డ్రయర్‌తో ప్రయోగాలు నక్కో!

ఫ్లెక్స్, లేసులు, సాక్సులు

ఫ్లెక్స్ అంటే బూటు ఎంత గట్టిగా ఉంది అని. 1 నుంచి 10 వరకు నంబర్ ఇస్తారు, 1 మెత్తన, 10 రాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 3 నుంచి 5 మధ్యలో చాలు. కానీ ఒక కంపెనీ 4, ఇంకో కంపెనీ 4 ఒకేలా ఉండవు. చేత్తో వంచి చూడండి.

బిగించే పద్ధతులు మూడు. మామూలు లేసులు చవక, తెగినా ఎక్కడైనా దొరుకుతాయి. లాగి లాక్ చేసే క్విక్ లేసులు ఫాస్ట్. మూడోది బోవా. చిన్న చక్రం తిప్పితే సన్నటి తీగ బిగుస్తుంది. ఇది 2001లో స్నోబోర్డ్ బూట్లతోనే మొదలైంది, తర్వాత సైకిల్, గోల్ఫ్ షూల్లోకి వచ్చింది. గ్లవ్స్‌తోనే తిప్పొచ్చు, సూపర్. ఒకటే చక్రం ఉంటే కొందరికి పాదం పైభాగం నొక్కినట్టు ఉంటుంది, రెండు చక్రాలవి ఉంటే మడమను విడిగా బిగించుకోవచ్చు. అయితే గుల్మార్గ్‌లో తీగ తెగితే రిపేర్ ఎవరు చేస్తారు అన్నది ముందే ఆలోచించుకోండి.

ఇంకొకటి: బైండింగ్‌లో టక్కుమని నేరుగా ఇరుక్కునే బూట్లు ఉన్నాయి, స్టెప్ ఆన్ లాంటివి. వాటికి అదే రకం బైండింగ్ కావాలి. బోర్డు అద్దెకు తీసుకునేవాళ్లు అవి కొనొద్దు.

సాక్సులు ఒక్క జతే, పల్చటివి, ఉన్నివో సింథటిక్‌వో. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. చలి అని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

కొనాలా, అద్దెకా?

సూటిగా చెప్తా. మీకిది ఫస్ట్ ట్రిప్ అయితే కొనకండి. లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌లో మంచు మీద ఆడుకున్న అనుభవంతో ఇది మనకు సెట్ అవుతుందని డిసైడ్ అవ్వలేం. అక్కడ అద్దెకు తీసుకుని, ఇవే మూడు టెస్టులు అక్కడే చేయండి. సిగ్గుపడకండి, నచ్చకపోతే ఇంకో జత అడగండి. ఇంకా, స్కీ బూట్లు గట్టి ప్లాస్టిక్‌వి, అవి వేరే. తొందరలో అవి చేతిలో పెడితే తీసుకోవద్దు.

రెండు ట్రిప్పులయ్యాక కూడా ఇష్టం తగ్గలేదా? అప్పుడు మొదట కొనాల్సింది బోర్డు కాదు, బూట్లు. బోర్డు అద్దెది అయినా నడుస్తుంది, అద్దె బూటు మాత్రం పది మంది పాదాలకు అణిగిపోయి ఉంటుంది.

మరి అన్నతో తెప్పించుకోవడం సంగతి? అమెరికాలో మొదటి స్థాయి బూట్లు సుమారు 150 నుంచి 250 డాలర్లు. మన లెక్కలో చాలామందికి నెల జీతంలో పెద్ద ముక్క. అన్న ఫ్లైట్ ఎక్కాక రిటర్న్ లేదు. ఆయన పాదానికి సరిపోవడం మీకు టెస్ట్ కాదు. అందుకే నా మాట, వేసుకుని చూడకుండా కొనొద్దు, గిఫ్ట్ అయినా సరే. "అన్నా, బూట్లు వద్దు, మంచి గాగుల్స్ తే, మణికట్టు గార్డులు తే" అనండి. కొత్తవాళ్లు పడితే చేతులు ముందు ఆనిస్తారు, అందుకే వాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకు. ఎంత మంచి బూటైనా దాన్ని ఆపలేదు.

లేదు, తప్పకుండా బూట్లే అంటారా? పాదం గీసిన కాగితాన్ని స్కేల్ పక్కన పెట్టి ఫొటో పంపండి, సెంటీమీటర్లు చెప్పండి. ఆయన రావడానికి చాలా ముందే కొనమనండి. ట్యాగులు తీయొద్దని చెప్పండి. ఎవరైనా తెచ్చాక సరిపోకపోతే అమ్ముకోవడానికి కొత్తగా ఉండాలి కదా.

సెకండ్ హ్యాండ్

జుమ్మేరాత్ బజార్‌లో బేరమాడి పెరిగిన మనకు పాత వస్తువంటే భయం లేదు. కానీ బూట్ల విషయంలో జాగ్రత్త. ఏళ్ల తరబడి వాడకుండా మూలన పడేస్తే వేడికి, తేమకు అడుగు భాగం పొడిపొడిగా రాలుతుంది, జిగురు ఊడుతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది. అడుగును వంచి చూడండి, లైనర్ బయటికి లాగి మడమ దగ్గర అణిగిందేమో నొక్కి చూడండి. కొన్నాక కూడా అంతే, ట్రిప్ నుంచి రాగానే లైనర్ తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టి దాచండి. గుల్మార్గ్‌లో బుఖారీ పొయ్యి పక్కన పెట్టి కాల్చుకోకండి.

ఇంతే ఫ్రెండ్స్. ఇవాళ సాయంత్రం ఇంట్లో ఒక కాగితం తీసి కొలవండి. మీ రెండు పాదాల మధ్య తేడా ఎంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. ట్రిప్ ప్లాన్ చేస్తున్న ఫ్రెండ్‌కు ఈ ఎపిసోడ్ షేర్ చేయండి, ముఖ్యంగా ఇప్పటికే అన్నకు "ఎనిమిది" అని చెప్పేసినవాడికి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, ఖుదా హాఫిజ్.